మంజుల గీసిన జడ

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను ఎరిగినవాళ్ళందరూ మంచిదాన్నంటారు. వాళ్ళ ముందు ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇన్నేళ్ళూ దీన్ని మోస్తూనే వంట చేశాను, ఉద్యోగం చేశాను, పూజ కూడా చేశాను. ఎక్కువ అలసిపోయింది పూజ దగ్గరే.

నేనొక అమ్మాయి పనిని దొంగిలించాను. ఆ దొంగతనం ఆమె మీదే పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నిలబడి ఊరుకున్నా కొంత నయమే. ఇంకొకటి కూడా చేశాను. అది వచ్చినప్పుడు చెబుతాను, ముందే చెప్పేస్తే మిగతాది రాయలేను.

మావాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపితే మూడోరోజుకల్లా మంచమెక్కేదాన్నట. దాంతో నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. పదో తరగతి, ఇంటరు ప్రైవేటుగా కట్టి రాశాను. పక్కన కూర్చున్న పిల్ల పలకలోకి తొంగిచూడటం, తిట్లు తినడం, మళ్ళీ కలిసిపోవడం, ఇవేవీ నాకు లేవు. ఆ వయసులో జరిగిపోవలసిన చిన్న తప్పులేవీ జరగలేదు. అది కారణమని చెప్పుకోను. ఒక్కోసారి మాత్రం అనిపిస్తుంది.

నాన్నగారు నేర్పిన అలవాటు ఒకటుంది. ఏ కాగితం మొదలుపెట్టినా ముందు పైన ‘శ్రీ’ రాయాలి. లెక్కల పుస్తకమైనా సరే, సరుకుల చీటీ అయినా సరే. అది రాయకపోతే నాకు చెయ్యి సాగేది కాదు.

2011లో నారాయణగూడలో ఒక గ్రాఫిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఇరవై మూడేళ్ళు నాకు. బొమ్మలు బాగానే వేసేదాన్ని, కంప్యూటరు మాత్రం కొత్త. మొదటి నెల మౌసు నా మాట వినలేదు. మూడో నెలకు ఒక బంతిని నేలకేసి కొట్టి ఎగిరేలా చేయగలిగాను. ఇంటికి పరుగున వెళ్ళి చెబితే అమ్మ, “ఇన్నాళ్ళూ చేసింది ఒక బంతా?” అని నవ్వింది. ఆరో నెలలో రోటో నేర్పారు. కదిలే దృశ్యంలో ఒక మనిషి చుట్టూ గీత గీసి, వెనక ఉన్నదాని నుంచి ఆ మనిషిని విడదీయడమన్నమాట. అయిదు సెకన్ల దృశ్యమంటే నూట ఇరవై ఫ్రేములు. ప్రతి ఫ్రేములోనూ గీతను సర్దాలి. నేను ఏ ఫైలు మొదలుపెట్టినా ముందు ఒక చిన్న ఖాళీ గీత గీసి, దానికి ‘శ్రీ’ అని పేరు పెట్టేదాన్ని. తెర మీద అది కనబడదు. గీతల పేర్ల జాబితాలో మాత్రం అన్నిటికన్నా పైన ఉంటుంది. క్లాసులో అందరికీ తెలుసు, సరదాగా ఏడిపించేవాళ్ళు కూడా.

నా పక్క సీటు మంజులది. కరీంనగర్ వైపు అమ్మాయి. అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండేది. “మా రూంల నలుగురు గ్రూప్స్‌కు చదువుతున్నరక్కా. వాళ్ళు చదివిందే చదువుతరు, నేను గీసిందే గీస్త. ఎవరికి ముందుగాల పిచ్చి లేస్తదో సూడాలె,” అనేది. నాకన్నా చిన్నది, పనిలో నాకన్నా చాలా పెద్దది. ఇంట్లోవాళ్ళు ఆమెకు కోర్సు అయ్యేదాకా గడువిచ్చారు. పని దొరికితే ఇక్కడే ఉంటుంది, లేకపోతే ఊరికి వెళ్ళి బి.ఎడ్. చేయాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని మీతో అనలేను.

కోర్సు చివర్లో సినిమా గ్రాఫిక్స్ చేసే ఒక స్టూడియోవాళ్ళు మా బ్యాచ్ నుంచి ఇద్దరిని పంపమన్నారు. ఎవరిని పంపాలో తేల్చడానికి మాకు పాఠం చెప్పే సార్ అందరికీ ఒకే షాట్ ఇచ్చారు. ఒక అమ్మాయి పరుగెత్తుతూ వెనక్కి తిరుగుతుంది, జడ గిర్రున తిరిగి భుజం మీద పడుతుంది. నాకు మనిషి వచ్చింది, జడ రాలేదు. ఎన్నిసార్లు గీసినా దాని అంచు వణికేది. మంజుల నా తెర చూసి తల అడ్డంగా ఊపింది. “జడంత ఒక్కటే గీత గీస్తే ఎట్లక్కా? అల్లుతం గద, గట్లనే గియ్యాలె. పాయకు పాయ.” తన ఫైలే నా పెన్‌డ్రైవులో వేసి ఇచ్చింది. చూసి నేర్చుకోమంది.

చూశాను. జడను తొమ్మిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా కదిలించింది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఆ వారమంతా ప్రయత్నించాను. ఇవ్వవలసిన రోజు పొద్దున కూడా నా జడ వణుకుతూనే ఉంది. అప్పుడు మంజుల ఫైలు తెరిచాను. పైన ‘శ్రీ’ పెట్టాను. మోసం చేయాలని పెట్టలేదు, పని మొదలుపెడుతున్నాను కదా అని చెయ్యి దానంతటదే పెట్టింది. ముఖం దగ్గర రెండు మూడు గీతలు జరిపి, నా పేరుతో ఇచ్చేశాను. సార్ తయారైన వీడియో మాత్రమే చూస్తారనీ, ఫైలు తెరవరనీ అనుకున్నాను. రెండూ బాగుంటే ఇద్దరమూ వెళతాం, ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మధ్యాహ్నం సార్ మా ఇద్దరినీ పిలిచారు. రెండు ఫైళ్ళూ తెర మీద పక్కపక్కన ఉన్నాయి.

“జడ తొమ్మిది ముక్కలు, ఇద్దరిది గంతే. ఒక్క పాయింట్ తేడా లేదు. ఎవరిది ఎవరు దించిన్రు?”

మంజుల తేలిగ్గా నవ్వింది. “నేనే ఇచ్చిన సార్ అక్కకు. చూసి నేర్చుకొమ్మన్న. తప్పైతే నన్ను తిట్టుండ్రి.”

నన్ను కాపాడటానికే అలా అంది. సార్ నా ఫైలులో పేర్ల జాబితా పైకి జరిపారు.

“ఈ శ్రీ నీదే గదా?”

“అవునండి.”

“ఎప్పుడు పెడ్తవ్? మొదలు పెట్టేటప్పుడా, అయిపోయినంకనా?”

“మొదలుపెట్టేటప్పుడేనండి. ఏ పనికైనా.”

అందులో ఒక్క అబద్ధం లేదు. నాన్నగారు విన్నా తప్పుపట్టలేరు. సార్ మంజుల వైపు తిరిగారు. “మరి నీ దాంట్ల లేదేంది? ఆమెది తీస్కొని, శ్రీ పీకేసి, ఇప్పుడు నేనే ఇచ్చిన అంటున్నవా? దేవుని పేరు కూడ ఉంచలేదా?”

“సార్, అక్కనే అడుగుండ్రి. అక్కా, చెప్పు జర.”

ఆ ‘చెప్పు జర’లో భయం లేదు. నేను చెబుతాననే నమ్మకం ఉంది. నేను నేల చూశాను. తరవాత చేసింది ఇది. తలెత్తి, ఎంతో మెల్లగా, “పోనీండి సార్, తననేమీ అనకండి,” అన్నాను.

చూశారా? నేను దొంగిలించిన పనికి ఆమెను క్షమించాను.

మంజుల నా వైపు తిరిగింది. ఏడవలేదు. “మాఫ్ జేస్తున్నవా అక్కా,” అంది. “మంచిగుంది. శాన మంచిగుంది.” బ్యాగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. సార్ నాతో, “నీ మనసు మంచిదమ్మా,” అన్నారు. నేను కాదనలేదు. స్టూడియోకు నన్నూ ఇంకొకరినీ పంపారు. నాకు ఉద్యోగమొచ్చింది. మంజుల మళ్ళీ ఇన్‌స్టిట్యూట్‌కు రాలేదు.

స్టూడియోలో మొదటి రోజు కొత్త ఫైలు తెరిచాక ‘శ్రీ’ పెట్టబోతే చెయ్యి ఆగింది. మళ్ళీ ఎన్నడూ పెట్టలేదు. ఆ పని నెమ్మదిగా నేర్చుకున్నాను, నిజాయితీగానే. ఏడాది తిరిగేసరికి జడ గీయడం నాకూ వచ్చింది. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే సరిపోయేదని అప్పుడు తెలిసింది. ప్రతి గురువారం గుడికి వెళ్ళి దండం పెట్టుకునేదాన్ని. ఉద్యోగానికి, అమ్మానాన్నల ఆరోగ్యానికి, తోటివాళ్ళ ఆదరణకు, అన్నిటికీ పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పేదాన్ని. ఆ జాబితాలో ఎప్పుడూ ఒక చోటు దాటేసేదాన్ని. పట్టుబడనందుకు కూడా కృతజ్ఞత చెప్పుకుంటున్నానా? దేవుడు వింటూ ఏమనుకుని ఉంటాడు?

2014లో ఒకసారి ఆమెను చూశాను. అశోక్ నగర్‌లో పుస్తకాల దుకాణం ముందు నిలబడి గ్రూప్స్ గైడు పేజీలు తిప్పుతోంది. బి.ఎడ్. చేసిందో లేదో తెలియదు. కాస్త చిక్కింది. పదడుగుల దూరం. పిలిస్తే తలెత్తేది. నేను పక్క సందులోకి తిరిగి, టీ కొట్టు వెనకగా నడుచుకుంటూ ఇల్లు చేరాను. ఆ తరవాత వారం రోజులు రోజూ అదే దారిన వెళ్ళాను. మళ్ళీ కనబడలేదు. కనబడదన్న ధైర్యంతోనే వెళ్ళానేమో.

ఆమె దొరికితే క్షమించమని అడగాలా? ఆ మాట మా ఇద్దరి మధ్య ఒకసారి నేను పాడుచేశాను. మళ్ళీ దాన్నే ఆమె చేతిలో పెట్టి, ఇప్పుడు నువ్వు అను అంటే ఆమె నవ్వుతుంది. అడగను. మిమ్మల్నీ అడగడం లేదు. మీరు మంచివాళ్ళయితే ఇదంతా చిన్న వయసులో జరిగిందిలే అంటారు. దయచేసి అనకండి.

ఫైలు మంజులది. దించింది నేను. రెండే రెండు చిన్న మాటలు. ఆ మధ్యాహ్నం సార్ అడిగినప్పుడు చెప్పడానికి ఒక్క ఊపిరి చాలేది. ఇప్పటికి రాశాను. మంజులకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు, నాకు తెలుసు. నాకు మాత్రం గుండె దగ్గర కొంచెం తేలికగా ఉంది. ఆ తేలిక నాకు చెందవలసింది కాదేమో. అయినా ఉంది, దాచను.