కుళాయి దాకా నడక

రాయపూర్ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను తేరిపార చూస్తుంటే, పెళ్లివారు పంపిన మనిషేమోనని అనుమానం వచ్చింది. ఆ ఆదివారమే నాకు పెళ్లిచూపులు. ముందుగా ఎవరినో పంపి పిల్లను చాటుగా చూసి రమ్మనడం మా రైల్వే కాలనీ తెలుగువాళ్లలో మామూలే.

"బేటీ, ఈ బాటిల్లో జరా నీళ్లు పట్టుకొస్తావా?" అంది.

నా నడక చూడటానికే అనుకుని, కుళాయి దాకా కావాలనే కుంటుకుంటూ వెళ్లాను.

"పోయేటప్పుడు ఎడమకాలు కుంటింది, వచ్చేటప్పుడు కుడికాలు," అని నవ్విందావిడ. "పెళ్లిచూపులున్నాయి కదూ? భయపడకు, నేను అభన్‌పూర్‌లో సైన్స్ టీచర్‌ని. ఆడనెమళ్లు తరతరాలుగా తోక బావున్న జతనే ఏరుకోబట్టే మగనెమలికి అంత తోక వచ్చిందంటారు. మనుషులం ఇలా తయారవడంలోనూ ఆ ఏరుకోవడం కొంత ఉండొచ్చట. మనలో అయితే ఇద్దరూ ఏరుకుంటారు. వాళ్లు నిన్ను చూడటమేనా, నువ్వు చూడవా?"

నేను చెప్పకుండానే ఆవిడకెలా తెలిసిందో. టీచరన్న మాట ఇప్పటికీ పూర్తిగా నమ్మను.

ఆదివారం అబ్బాయి తల్లి నన్ను మంచినీళ్లు తెమ్మంది. తెచ్చాను. అబ్బాయి తాగి ఖాళీ గ్లాసు చాపితే మాత్రం అందుకోలేదు.

"వంటిల్లు అటుందండి, పెట్టి రండి," అని ఆయన నడక చూస్తూ కూర్చున్నాను.