మామ ఫియట్, అత్త షరతు, ఆబిడ్స్‌లో ఒక ఆదివారం

విమానాల పిచ్చి, కార్ల పిచ్చి రెండూ ఒకే మనిషికి పడితే ఆదివారాలు ఇంట్లో గడవవు. నాకు రెండూ ఉన్నాయి. అందుకే నాంపల్లి నుంచి మా శంకరయ్య మామ ఫోన్ చేసి, "రారా, ఫియట్‌ల ఒక రౌండ్ కొడదాం. మల్ల ఉంటదో ఉండదో" అనగానే కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కేశాను. మామ బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపినన్నాళ్లూ తిరిగిన కారు అది. ఇప్పుడు కొనడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. అమ్మాలని అత్త పట్టుదల, అమ్మకూడదని మామ ప్రాణం.

మెట్రోలో అరగంట పట్టింది. స్టేషన్ నుంచి ఇల్లు నడక దూరమే. గేటు దగ్గరే యశోదత్త షరతు పెట్టేసింది. "నేను గూడ వస్తున్న. ఇయ్యాల రోడ్డు మీద ఎవ్వలన్న దిగి నూకుడు పడ్డదంటే, రేపే అమ్ముడు. ఇంటిముంగట జాగంతా గీ డబ్బానే మింగింది."

"నూకుడు పడకుంటే?" అన్నారు మామ.

"పడకుంటే ఉంచుకో, పో!"

సెల్ఫ్ మూడోసారికి అందుకుంది. వెనక సీట్లో కూర్చున్న నాకు అది రన్‌వే మీద ఉన్నంత సంబరం. అభిమానిగా నా అభిప్రాయం ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. ఈ కాలపు కార్లలో ఏసీ పెంచాలన్నా తెర మీద వెతుక్కోవాలి, అది నాకు ససేమిరా నచ్చదు. విమానంలో చక్రాలు దించే మీటకు చక్రం ఆకారంలోనే పిడి ఉంటుంది, చూడకుండానే చేతికి తెలియాలని. మామ ఫియట్‌లోనూ అంతే. స్టీరింగ్ పక్కన గేరు మీటను ఆయన చూడను కూడా చూడరు. అత్త మాత్రం తన పక్క కిటికీ మూలనున్న చిన్న తిరుగుడు అద్దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, గాలి సరిగ్గా ముఖానికి తగిలేలా సర్దుకుంది. దారంతా దాన్ని వదల్లేదు.

ఆబిడ్స్ చేరేసరికి పది దాటింది. ఆదివారం దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి కదా, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. వంద చెప్పిన విమానాల పత్రికను ఎనభైకి తెచ్చుకున్నాను. పంకా రెక్కల చిన్న విమానాల బొమ్మలు అందులో బోలెడు. జెట్ ఎంత పెద్దదైనా, రెక్క పక్కన పంకా తిరుగుతూ కనిపించే చిన్న విమానంలోనే ఎగురుతున్నట్టు ఉంటుందని నా నమ్మకం. ఆ మురిపెంతోనే కారెక్కాను. మామ తాళం తిప్పారు. టిక్కుమంది. మళ్లీ తిప్పారు. మళ్లీ టిక్కు.

హైదరాబాద్‌లో కారు ఆగితే ఎవరినీ పిలవక్కర్లేదు, వాళ్లే వస్తారు. ఒక ఆటోడ్రైవర్, ఇద్దరు పుస్తకాలవాళ్లు అప్పటికే చేతులు దులుపుకుంటూ వచ్చేశారు.

"ఏమైంది చాచా? జర నూకుదమా?"

"వద్దు భాయ్! ముట్టకున్రి!" మామ అరిచిన అరుపుకు ముగ్గురూ చేతులు గాల్లోనే ఆపేశారు. నేను దిగబోతే నన్నూ కసిరారు. పది నిమిషాలు అలాగే గడిచాయి. తాళం తిప్పడం, టిక్కుమనడం.

అప్పుడు అత్త తలుపు తీసుకుని దిగింది. కొంగు నడుముకు చుట్టి, వెనక్కి వెళ్లి డిక్కీ మీద చెయ్యి వేసింది.

"యశోదా, ఏం చేస్తున్నవ్?"

"నేను నూకుతున్న. షరతు పెట్టింది నేనే గద, నేను నూకితే లెక్కకు రాదు." ఆటోడ్రైవర్ వైపు తిరిగింది. "ఏంది చూస్తున్నవ్ బిడ్డా? మీరు నూకకున్రి. ఊకె చెయ్యి పెట్టున్రి."

నేనూ దిగాను. అందరం 'ఊకె' చేతులు పెట్టాం. మామ రెండో గేరులో క్లచ్ వదిలారు. ఇంజిన్ దగ్గి, గురగురలాడి, అందుకుంది! పుస్తకాలవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను సిగ్గు లేకుండా గెంతాను. అత్త మాత్రం ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుని, అద్దం సర్దుకుంది. "మీ కొత్త కార్లల్ల గీ గాలెక్కడ్ది?" అంది.

ఇంజిన్ ఆపకుండా బషీర్‌బాగ్ మీదుగా నాంపల్లికి తిరిగొచ్చాం. స్టేషన్ దగ్గర ఇరానీ చాయ్ కూడా కారులోనే తాగాం, కప్పు ఇరవై రూపాయలు. దారంతా మామ నవ్వు ఆగలేదు. వేగం, మైలేజీ, రెక్కల పొడవు అంటూ ఇన్నేళ్లూ ఎన్నో లెక్కలు వల్లించాను. మనిషికి ఒక బండి ఎందుకు నచ్చుతుందో అరచేతి వెడల్పు అద్దం దగ్గర తెలిసింది. చాలా సంతోషంగా ఇంటికొచ్చాను.

వెళ్లాలనుకునేవారికి ఒక సలహా. ఆదివారం పదింటికల్లా ఆబిడ్స్ చేరండి, పుస్తకాలు అప్పుడే పరుస్తారు. అక్కడ మీగడ రంగు ఫియట్ ఒకటి ఆగిపోయి కనిపిస్తే మాత్రం పరుగెత్తుకెళ్లి తొయ్యకండి. ముందు పక్క సీట్లో ఉన్న ఆవిడను దిగనివ్వండి.