గాజు వదిలిన పొర

తిరిగిన ఊళ్ళలో తాళపత్రాలకు పసుపు పూసేవాళ్ళను చూశాను, అద్దాలకు వెనక పూత పట్టించేవాళ్ళను చూశాను. అంటించింది ఊడకూడదన్నదే అందరి బెంగ. నూజివీడులో ఫొటోలు తీసే రత్నబాబుకి ఆ బెంగ మరీ ఎక్కువ. గాజుపలక మీద బొమ్మను పట్టి ఉంచే జిగురు పొర వేసవి నీళ్ళకు మెత్తబడి, ఆరకముందే లేచిపోతుంది. అందుకని తడిగోనె చుట్టిన కుండల్లో నీళ్ళు చల్లబరిచి, వాటితోనే కడిగేవాడు.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది వేసవిలో ఆగిరిపల్లి మామిడితోటలో కూలిచేసే వెంకాయమ్మ కూతురు దుర్గ జ్వరంతో పోయింది. ఐదేళ్ళ పిల్ల. బతికుండగా ఒక్క ఫొటో లేదు. రత్నబాబు సైకిల్ మీద వెళ్ళి, పిల్లను మంచం మీద దిండ్లకు ఆనించి తీశాడు. తిరిగొచ్చి పలకను మందుల్లోంచి తీశాక చూస్తే కుండలు ఖాళీ. మామిడి బళ్ళవాళ్ళు తాగేశారు. గత్యంతరం లేక ఎండకు కాగిన తొట్టినీళ్ళతో కడిగాడు.

కళ్ళముందే అంచులు ముడతలు పడ్డాయి. నల్లటి ముఖం, తెల్లటి జుట్టుతో నలుపుతెలుపులు తిరగబడ్డ ఆ బొమ్మ గాజును వదిలి తేలింది. నీళ్ళు కదిలితే రెప్పలు కదిలినట్టయింది. ఉన్నది ఆ ఒక్క బొమ్మే. ఇంకో పెద్ద గాజుపలకను అడుగునుంచి పోనిచ్చి, పూతరేకును ఎత్తినట్టు ఎత్తి, పటికనీళ్ళలో గట్టిపరిచాడు. కానీ అప్పటికే పొర నిలువునా సాగింది. అచ్చు తీస్తే పసిబుగ్గలు పోయి ఎనిమిదేళ్ళ పిల్ల కనిపించింది.

జరిగింది దాచకుండా చెప్పి ఫొటో ఇచ్చాడు. వెంకాయమ్మ ఏడవలేదు.

"ఎదిగిందండీ," అంది.

మరుసటేడు కాయలు దిగే రోజుల్లో మళ్ళీ వచ్చింది.

"రత్నబాబుగారూ, ఏడాదైందిగా. ఇంకోసారి నీళ్ళలో వేసి చూడండి."

"పిచ్చిగానీ పట్టిందేంటమ్మా? అది జిగురు. వేడికి సాగింది, అంతే."

"మా పక్కింటి వీరయ్య కూతురికి నిరుటి గౌను పొట్టయిపోయింది. మా దుర్గకి మాత్రం అవదా?"

"పటిక పట్టించానమ్మా. ఇంక కదలదు."

"ఎవరు పట్టించమన్నారండీ?"

అతను లోపలికెళ్ళాడు. పలక తెచ్చి ఆమె చేతుల్లో పెట్టేశాడు.

అరవై రెండు వేసవిలో నేను చూశాను. గుడిసె ముందు ఎర్రటి ఎండలో ఇత్తడిపళ్ళెం, దాని నిండా నీళ్ళు, నీళ్ళలో ఆ పలక. వెంకాయమ్మ పక్కనే కూర్చుని ఈగలు తోలుతోంది. ఒక మూల పొర గోరంత లేచింది.

"తొందరపడకే తల్లీ," అంటోంది దానితో. "నిదానంగా రా."