తాటిచెట్టుకు కట్టిన రేడియో తీగ

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. నేను కొత్తకోట మిడిల్ స్కూల్లో పంతులుగా ఉన్న రోజులవి. అప్పుడే నాకో పిచ్చి పట్టింది. పిచ్చి అన్నది నేను కాదు, మా ఆవిడ. సొంత చేతులతో రేడియో పెట్టె తయారుచేసుకుని, ఎక్కడో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషితో మాట కలపడమే ఆ పిచ్చి. అందులో రూపాయి రాదు, నౌకరీలో హోదా పెరగదు. ఊరికే, సంతోషం కోసం చేసే పని. అందుకే దాన్ని అమెచ్యూర్ రేడియో అంటారు. సర్కారు పర్వానా కోసం ఏడాదిపాటు దరఖాస్తులు పెట్టాను. అది వచ్చిన రోజు బడికి సెలవు పెట్టి, దారిన పోయే ప్రతివాడినీ ఆపి చూపించాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు దాంతో పనిలేదు.

మాట కలపడమంటే నోటితో కాదు. బల్ల మీద ఒక ఇత్తడి మీట ఉంటుంది. దాన్ని ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా నొక్కుతూ ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పంపాలి, తార్ ఆఫీసులో టెలిగ్రాం కొట్టినట్టే. అవతలివాడు చెవులకు గొట్టాలు తగిలించుకుని, కీచుకీచుమనే ఆ చప్పుడు వింటూ కాగితం మీద రాసుకుంటాడు. మొదటిసారి సిలోన్ నుంచి ఎవరో నాకు జవాబిచ్చిన రోజు వంటింట్లోకి పరుగెత్తి, జొన్నపిండి చేతులతో ఉన్న మా ఆవిడను పట్టుకుని గిరగిరా తిప్పాను.

“ఏమన్నడు గా సిలోనాయన?” అని అడిగింది, కళ్ళు తిరిగి గోడ పట్టుకుని.

“నేను వినపడుతున్ననన్నడు.”

“గంతేనా? నాకు రోజూ వినపడుతనే ఉన్నరు గదా, నన్నెన్నడు గిట్ల తిప్పకపోతిరి.”

ఈ పెట్టెకు ఎత్తున కట్టిన తీగ ఒకటి కావాలి. ఒక కొస మా ఇంటి కప్పు మీది గుంజకు కట్టాను. రెండో కొస పెరటి వెనకున్న తాటిచెట్టుకు కట్టాలి. ఆ చెట్టు ఎక్కి కల్లు దించేది మా గౌడన్న. అడగగానే ఒప్పుకుని, కమ్మల కిందిదాకా పోయి తీగ కట్టి దిగాడు.

“గీ తీగెకు ఏం కారుతది పంతులూ?”

“మాటలు, గౌడన్నా.”

“పొద్దుకు ఎన్ని లొట్లు పడ్తయి?” అన్నాడు, మొహంలో నవ్వన్నదే లేకుండా.

లొట్టంటే చెట్టుకు కట్టే కల్లుకుండ. ఆయన లెక్కలో నేనూ కల్లుగీత వృత్తిలో చేరిపోయాను.

నాకు బాగా దగ్గరైన రేడియో మిత్రుడు కర్నూలులో ఉండేవాడు. అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆయన మొహం నేను జన్మలో చూడలేదు. మధ్యలో కృష్ణ, తుంగభద్ర, ఆపైన ఇంగ్లీషువాళ్ళ రాజ్యం. రోజూ పొద్దున ఏడింటికీ సాయంత్రం ఐదింటికీ పిలుచుకునేవాళ్ళం. సిలోన్ వినపడేది గానీ, ఈ పక్కింటి కర్నూలు మాత్రం పది మాటల్లో నాలుగు దక్కితే గొప్ప.

ఆ ఏడు వానాకాలంలో గౌడన్న తమ్ముడు చెట్టు మీది నుంచి పడ్డాడు. కాలు నుజ్జయింది. బస్సులో, పడవలో వేసుకుని అతని భార్య, బావమరిది కర్నూలు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. వాళ్ళు చేరిన మర్నాటి నుంచి ముసురు పట్టింది. కృష్ణ ఒడ్డులు దాటింది. పడవలు ఆగాయి, రైలు ఆగింది, తార్ స్తంభాలు పడిపోయాయి. వారం తర్వాత ఏటి ఒడ్డు నుంచి వచ్చిన గొర్లకాపరి ఒకడు, తాటిచెట్టు మీది నుంచి పడ్డ గౌడొకడు కర్నూలు దవాఖానలో చనిపోయాడని పడవలు ఆగకముందు అవతలి నుంచి వచ్చిన మాటగా పడవవాళ్ళు అనుకోగా విన్నానన్నాడు. ఏ ఊరి గౌడో వాడికి తెలియదు.

గౌడన్న ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. మనిషి పోతే పదకొండో దినం దాకా ఆ వంశంవాళ్ళు తాటిచెట్టును ముట్టరు. మా ఊరి గౌళ్ళందరిదీ ఒకటే వంశం. పోయాడంటే మైల, బతికుంటే మైల లేదు. ఏ సంగతీ తెలియక అందరూ మోకులు గోడలకు తగిలించి కూర్చున్నారు. మోకంటే చెట్టుకూ నడుముకూ కలిపి కట్టుకునే తాడు. చెట్ల మీద కల్లు పొంగి లొట్ల మీదుగా కారిపోతోంది, కింద ఊరు ఎండిపోతోంది. మూడో రోజుకు ఊళ్ళో పన్ను వసూలు చేసే మాలీ పటేలు మొదలు బండ్లు తోలేవాళ్ళ దాకా అందరూ మా వాకిట్లోనే ఉన్నారు. నా పర్వానాను ఎన్నడూ పట్టించుకోనివాళ్ళు రేడియో గొప్పతనం గురించి నాకే చెప్పడం మొదలుపెట్టారు.

గౌడన్న చివర వచ్చాడు. “పంతులూ, జర నీ పెట్టెను అడుగు. మా తమ్ముడు ఉన్నడా, లేడా?”

ఆయనను పెరట్లోకి తీసుకుపోయి చూపించాను. ఆ ముసురు గాలికే తీగ తాడు తెగి నేలమీద పడి ఉంది. దాన్ని మళ్ళీ కట్టాలంటే గౌడు చెట్టెక్కాలి. గౌడు ఎక్కాలంటే కబురు రావాలి. కబురు రావాలంటే తీగ పైన ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్నది పెద్దలు నాకోసమే చెప్పి ఉంటారు. తాడుకు రాయి కట్టి పదిసార్లు పైకి విసిరాను. పక్కింటి పెంకులు నాలుగు పగిలాయి.

“సరే, నేనెక్కుత,” అన్నాను.

వాకిలి వాకిలంతా నవ్వింది. మా ఆవిడ అందరికంటే ముందు నవ్వింది. గౌడన్న భార్య మాత్రం ఇంటికి పోయి మోకు తెచ్చి నా చేతిలో పెట్టింది.

చెట్టుకు బారెడు దూరంలో నిలబడి గౌడన్న నాకు విద్య నేర్పాడు. “ఎనుకకు వాలు పంతులూ. చెట్టును గట్ల కావలించుకోకు, అది నీ పెండ్లాం గాదు.” నేను వాలాను. ఒక్కొక్క జానెడే పాకాను. కింద పటేలు ఒకటి చెప్తే బండ్లవాళ్ళు ఇంకొకటి చెప్పారు. వాళ్ళలో ఎవడూ పుట్టి బుద్ధెరిగి చెట్టెక్కినవాడు కాదు. సగం దూరం పోయాక కిందికి చూశాను. చూడకూడదు. తీగను అక్కడే కట్టేసి, రొమ్ము చర్మం సగం చెట్టుకు సమర్పించుకుని దిగాను.

“సగమే ఎక్కినవు గదనే,” అన్నాడు పటేలు.

“మిగిలిన సగం మీరెక్కుండ్రి,” అన్నాను. చాలా కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా నవ్వొచ్చింది.

ఐదు గంటలకు మీట ముందు కూర్చున్నాను. బస్సులు లేక నా బ్యాటరీ మహబూబ్‌నగర్ పోయి చార్జింగ్ అయి రాలేదు, ఉన్నది అడుగూ బొడుగూ. భయపడుతూ పిలిచాను. కర్నూలు గట్టిగా, పక్క గదిలోంచి పలికినట్టు పలికింది. దగ్గరి ఊళ్ళకు తక్కువ ఎత్తున కట్టిన తీగే మేలని చాన్నాళ్ళకు ఒక పుస్తకంలో చదివాను. ఆ క్షణాన మాత్రం అదంతా నా చెట్టెక్కే ప్రతాపమే అనుకున్నాను.

సంగతి పంపాను. మిత్రుడు సైకిల్ మీద దవాఖానకు పోయి వస్తానన్నాడు. బ్యాటరీ మిగలాలని పెట్టె ఆపేశాను. గంటన్నర. వాకిట్లో ఒక్కరూ కదలలేదు. గౌడన్న గడప మీద, చెట్టు వైపు వీపు తిప్పి కూర్చున్నాడు.

మళ్ళీ పెట్టె తెరిచేసరికి మిత్రుడు పిలుస్తున్నాడు. మొదటి మాటే బతికున్నాడని. నేను పెన్సిలు పారేసి, గొట్టాలతోనే లేచి, “ఉన్నడు, ఉన్నడు” అన్నాను. ఊరు ఊగిపోయింది. ఎవరో పటేలును ఎత్తుకున్నారు. గౌడన్న భార్య మా ఆవిడను పట్టుకుని ఏడ్చింది. చనిపోయింది వేరే ఊరి మనిషట.

చప్పుడు మాత్రం ఆగలేదు. కూర్చుని మిగతాది రాసుకున్నాను. కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఎన్నాళ్ళకు చెట్టెక్కుతానని రోజూ అందరినీ అడుగుతున్నాడు, ఎవరికీ చెప్పే ధైర్యం లేదు. అన్నను అడగమంటున్నాడు, ఏం చెప్పమంటారు?

బయట ఇంకా గంతులేస్తున్నారు. నేను గౌడన్నను లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, రాసుకున్నది రాసుకున్నట్టు చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

“రాయి పంతులూ. చెట్టెక్కేది ఇగ నా పని అని రాయి. కింద నిలబడి లొట్టి అందుకునే మనిషి లేక ఈడ నాకు శాన గోసయితాందని రాయి. బిరాన రమ్మను.”

దాన్ని ఇంగ్లీషు చేయడం నాకు చేతకాలేదు. ఆయన మాటలనే, ఆయన అన్న వరసలోనే, ఒక్కొక్క అక్షరం మీట మీద నొక్కాను. చేతులు మంట పుడుతున్నాయి. బ్యాటరీ సన్నగిల్లిపోతోంది. అంతా పంపాను. తర్వాత అవతలి నుంచి చిన్నగా, తెలుగులోనే, మూడు మాటలు వచ్చాయి. మళ్ళీ దవాఖానకు పోతున్నా.