పిలిచినంక జర ఆగాలె

మామ పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను నర్సంపేటలో మా దుకాణం షట్టర్ సగం ఎత్తి పట్టుకుని ఉన్నాను. "అల్లుడా, మీ మామ లేస్తలేడు" అంది అత్త. గట్టిగా పిలువు, లేస్తాడు అని చెప్పబోయాను. ఇంతలో పక్కనుంచి ఎవరో ఫోన్ తీసుకుని, "డాక్టర్ వచ్చి చూసిండు. గుండె ఆగిందట. జల్ది రా" అన్నారు. షట్టర్ నా చేతిలోంచి జారి దడేల్మని పడింది. ఎదురుగా చాయ్ తాగుతున్న రైతులంతా తలలు తిప్పి చూశారు.

నమ్మబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కావడం లేదు. ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. అణు ఇంధనం తయారుచేసే కర్మాగారంలో భద్రత విభాగంలో చేరి, ఆ విభాగానికే పెద్దయి, రిటైరయ్యాక ఖిలా వరంగల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. సందు చివర పాలప్యాకెట్ తేవడానికి కూడా హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించుకునే మనిషి. మొన్నీమధ్య పరీక్షలు చేయించుకుంటే, "మీకంటే నాకే బీపీ ఎక్కువుంది సార్" అని డాక్టర్ నవ్వాడట. చెప్పకుండా ఏ పనీ చేయనివాడు, పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోవడమేమిటి? బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా బయట ఏం కనిపించిందో నాకు తెలియదు. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, మామ దాన్ని కనిపెట్టి సరిచేసి ఉంటాడు అనుకుంటూనే ఉన్నాను.

మామకో అలవాటుండేది. ఏ ఇంటి నుంచి బయలుదేరినా గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, అరచేతులు తిప్పి చూసుకుని, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చూసుకునేవాడు. కర్మాగారంలో పనిచేసే చోటు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఒక యంత్రంలో చేతులూ కాళ్లూ పెట్టాలి. ఒంటికి ఏమీ అంటలేదని పచ్చలైటు వెలిగితేనే ఇంటి దారి. అక్కడి అలవాటు ఇక్కడా పోలేదు. "మామా, మా ఇంట్ల ఏం అంటిందని చూస్కుంటానవ్?" అని నా భార్య ఆటపట్టిస్తే, "మీ ఇంటి పప్పు అంటింది బిడ్డా, గిది ఏ మిషన్ల దొరకది" అనేవాడు.

ఆయన పనేమిటో మాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకసారి వంటింట్లో బియ్యం డబ్బాలు చూపించి చెప్పాడు. "బియ్యం ఎన్ని బస్తాలు ఒక్కదగ్గర పెట్టినా బియ్యమే. మా సరుకు గట్ల గాదు. దగ్గర దగ్గర చేరిస్తె గుణం మారుతది. అందుకే ఏ డబ్బా ఏడుండాలె, నడుమ ఎంత జాగుండాలె అని రూలు. ఆ జాగను కాపాడుడే నా కొలువు." ఖాళీ జాగాకు కాపలా కాసే ఉద్యోగమా అని మేము పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆయన కూడా నవ్వాడు, నవ్వుతూనే గ్యాస్ పొయ్యి పక్కనున్న నూనె క్యాన్‌ను దూరంగా జరిపాడు.

తనిఖీ అధికారులు వస్తున్నారంటే కర్మాగారంలో అందరికీ గుండెల్లో రైళ్లు పరిగెడితే, మా మామకు మాత్రం పెళ్లివారు వస్తున్నంత సంబరం. ఒకసారి తనిఖీకి ముందు ఎవరో గోడలకు రంగు వేయించబోతే అడ్డుపడ్డాడట. "రంగేస్తె పగులు కనవడది. వాళ్లు చూడాల్సింది రంగు గాదు, పగులే" అన్నాడట. మరోసారి సరుకు మోసే బండి ఒకటి నేల మీది గీత దాటి జరిగి ఉందని పనంతా ఆపించాడు. ఏమీ కాలేదు, ఎవరూ చూడలేదు, అయినా పైకి తానే రాసి పంపాడు. ఎందుకు మామా లేనిపోని తలనొప్పి అని అడిగితే, "తప్పు చిన్నగున్నప్పుడు మనం చెప్పాలె. పెద్దగైనంక అదే ఒర్రి చెప్తది" అన్నాడు. అట్లా రాసి పంపడంతోనే ఆయనకు ప్రమోషన్ ఆలస్యమైందని అత్త గొణిగేది.

నాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. వచ్చిన ప్రతిసారీ దాన్ని తలకిందులు చేసి పోయేవాడు. మందు డబ్బాల పక్కన నీళ్ల సీసా కనిపిస్తే చాలు, ఇక నా పని అయిపోయేది. ఒకనాడు పత్తికి మందు కొనడానికి వచ్చిన రైతు, "సార్, గీ మందంటే నాకు భయమైతాంది" అన్నాడు. నేను నవ్వాను. మామ నన్ను కసిరి, ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మూతికి గుడ్డ ఎట్లా కట్టుకోవాలో, గాలి ఎటు వీస్తుంటే ఎటు నడవాలో చూపించాడు. రైతు పోయాక నాతో, "భయపడ్డోన్ని నవ్వొద్దురా. వాడు చెప్తె ఇంటడు. భయం లేనోనితోనే మనకు పరేషాన్" అన్నాడు. ఈ మాట నాకు ఆయన పోయిన రోజే మళ్లీ పనికొచ్చింది.

నేను వెళ్లేసరికి వాకిట్లో జనం ఉన్నారు గానీ, అందరూ గోడ పక్కనే నిలబడి ఉన్నారు. మామను చాప మీద పడుకోబెట్టారు. ఆయన చుట్టూ ఇంత మేర ఖాళీ. బిందెలు, పసుపు సిద్ధంగా ఉన్నాయి, స్నానం మాత్రం మొదలు కాలేదు. మా అత్త ఒక్కతే తలాపున కూర్చుని ఉంది. వాళ్లకు పిల్లలు లేరు. నా కోసం ఆగారనుకున్నాను. అప్పుడు వినిపించింది వెనకనుంచి: "గా అణుబాంబుల ఫ్యాక్టరీల చేసిండు గదా. గా విషం పెయ్యిల్నే ఉంటదట. కాలవెడితె పొగల కూడ వస్తదట."

తప్పుగా విన్నాననుకుని తిరిగి చూశాను. పక్కింటి పెద్దాయన. మరమగ్గాల షెడ్డు నడుపుతాడు. రోజూ సాయంత్రం మామతో కలిసి కోట గోడ దాకా నడిచేవాడు, మామ చేత్తో పెట్టిన పల్లీలు తిన్నవాడు. తలవంచుకుని అన్నాడు: "నాకేం లేదు కొడుకా. స్నానం నీళ్లు మా షెడ్డు ముంగట్నుంచే పోతయి. పనోళ్లు భయపడతాండ్రు."

నాకు ఒళ్లు మండిపోయింది. మామ చచ్చిపోయాడన్న దెబ్బ ఒకటి, ఇది దానిమీద ఇంకొకటి. ఆయన అక్కడ పని చేసినన్నాళ్లూ ఒంటికి ఎంత తగిలిందో కొలిచే బిళ్ల పెట్టుకుని లెక్క చూసుకునేవాడనీ, పచ్చలైటు లేనిదే గేటు దాటలేదనీ అరిచాను. అరిచినకొద్దీ జనం ఇంకో అడుగు వెనక్కి వేశారు. పాడె మోయడానికి నలుగురు కావాలి. అక్కడ నేనొక్కణ్ణే. బతుకంతా ఇతరుల ఒంటికి ధూళి అంటకుండా చూసిన మనిషిని ముట్టుకోవడానికి మనిషి లేకపోవడం చూసి నాకు ఏడుపు కూడా రాలేదు.

"అల్లుడా, ఆగు" అంది అత్త. "వాళ్లను ఒర్రకు. భయపడ్డోళ్లను మీ మామ ఎన్నడన్న ఒర్రిండా?"

అత్త మామ కుడిచేయి ఎత్తి, అరచేయి తిప్పి అందరికీ చూపించింది. తర్వాత ఎడమచేయి. తర్వాత కాళ్ల దగ్గరికి జరిగి, ఒక్కో పాదం ఎత్తి పట్టుకుంది. రోజూ ఆయన గడప దగ్గర చేసిన పనే. "ఆయనుంటె మిమ్ముల కూసోవెట్టి చెప్పేటోడు. నాకు చెప్పరాదు. కొలువు చేసినన్నొద్దులు ఈ చేతుల్తోనే ఇంటికొచ్చి నాకు ముద్దలు కలిపి పెట్టిండు. నేను మంచిగనే ఉన్న. నన్ను చూడుండ్రి, చూసినంక రాండ్రి" అని, తానే బిందె వంచి ఆయన తల మీద నీళ్లు పోసింది. ఆ నీళ్లు ఆమె చీరను తడిపి, వాకిలి దాటి, మగ్గాల షెడ్డు ముందు నుంచే పారాయి.

పెద్దాయన ఆ నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడు కదా అని నేను పళ్లు కొరుక్కుంటుంటే, పక్కింట్లో మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. షెడ్డులోంచి ఆయన రెండు బకెట్ల నీళ్లతో వచ్చాడు, వెనక ఇద్దరు పనివాళ్లు. "ఇంకో బిందె నేను పోస్త చెల్లె" అన్నాడు. అత్త పక్కకు జరిగింది. పాడెకు భుజాలు అక్కడే దొరికాయి.

దారిలో దింపుడు కల్లం దగ్గర పాడెను దించాం. శ్మశానానికి పోయే దారిలో ఒకచోట దించి, పోయినవారి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలిచే ఆచారం మనది. ఒకవేళ ప్రాణం మిగిలి ఉంటే పలుకుతారని. మా బాపు పోయినప్పుడు నేను పిలవగానే జనం పాడె ఎత్తబోతే, మామే చెయ్యి అడ్డం పెట్టాడు. "పిలిచినంక జర ఆగాలె. పిలుసుడు ముఖ్యం గాదు, ఆగుడు ముఖ్యం. మనం తప్పు చేస్తానమేమో అని పెద్దలు పెట్టిన ఆఖరి చెకింగురా ఇది. గింత మంచి రూలు మా ఫ్యాక్టరీల కూడ లేదు" అన్నాడు. బాపు శవం ముందు నిలబడి రూల్స్ గురించి మాట్లాడే మనిషిని ఆ రోజు వింతగా చూశాను.

ఇప్పుడు నేను వంగి ఆయన చెవిలో పిలిచాను. మామా. మామా. మామా. పొద్దు వాలుతోంది, జనం పాడె పట్టుకోవడానికి వంగారు.

"ఆగుండ్రి" అన్నాడు మగ్గాల పెద్దాయన, చెయ్యి అడ్డం పెట్టి. "సార్ నాకు చెప్పిండు. పిలిచినంక జర ఆగాలె."

అందరం ఆగాం. మామ కుడిచేయి దుప్పటి బయటికి జారి, అరచేయి పైకి తిరిగి ఉంది, గడప దగ్గర చూసుకుంటున్నట్టే. ఎవరో చల్లిన పేలాల్లో ఒకటి వచ్చి ఆ అరచేతిలో నిలిచింది. వేళ్లు ముడుచుకుంటాయేమోనని నేను దాన్నే చూస్తూ ఉన్నాను.