బేరానికి పెట్టని మూట

నారాయణపేటలో ఇప్పటికీ ఒకటి రెండు వీధుల్లో పొద్దున్నే మగ్గానికెక్కించే పడుగు నూలు చాచి గంజి పట్టిస్తారు. ఆ పులిసిన వాసన ముక్కుకు తగిలితే నా చెయ్యి దానంతటదే అంగీ జేబు మీదికి పోతుంది. అందులో సగం రాసిన కథ ఉంటే ఎవరి కంటా పడకుండా ఇంకాస్త లోపలికి నెడతాను. ఈ అలవాటు నాకు చంద్రమ్మక్క చేసింది. మా బట్టల దుకాణం వెనక సాలెవాళ్ల వీధిలో ఆమె ఇల్లు. భర్త పోయాక మగ్గాన్ని కిరాయికిచ్చి, ముందుగదిలో అందరూ చదువుకోవడానికి తెలుగు పుస్తకాలు పెట్టింది. తెలుగు పుస్తకం చేతిలో ఉన్నవాణ్ణి పోలీసులు ఆగి మరీ చూసే నిజాం రోజులవి. ఊళ్లో రాయడం మొదలుపెట్టినవాళ్లందరం ఆమెకే చదివి వినిపించేవాళ్లం. పోలీసులకన్నా ఆమెకే ఎక్కువ భయపడేవాళ్లం.

నేను దుకాణంలో పెరిగినవాణ్ణి. చీర మడత విప్పకముందే కొనడానికొచ్చిన గిరాకీ మొహం చదవడం వచ్చు. కథ కూడా అట్లాగే రాసేవాణ్ణి: సగం రాసి, ఎదుటివాడి మొహం చూసి, మిగతాది అతని కొలతకు కత్తిరించడం. అప్పుడు రాస్తున్న కథలో, కూలి లేకుండా దొర మూట మోస్తున్న ఒకామె నడిదారిలో ఆ మూట దించేస్తుంది. తర్వాత ఏమవుతుందో నాకే తెలియదు. దగ్గరి ఊరి దొర తెల్లగుర్రాన్నీ, ఆ ఊరి పేరునూ మాత్రం ఉన్నవున్నట్టు పెట్టాను, కథకు గిరాకీ పెరుగుతుందని. ముందు అక్క దగ్గరికే తీసుకెళ్లాను.

"ఆఖరు ఏంది?" అంది.

"అదే నిన్ను అడుగుదామని వచ్చిన, అక్కా."

"ఎవరేమన్నా ఇడిసిపెట్టనిది ఇందుల ఏమున్నది?"

"నువ్వేది తియ్యమంటే అది తీస్త."

కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది. "అయితే ఇంక చూపించే ఏళ గాలే. బేరం లేనిది ఒక్కటన్న దొరికినంక రా. మిగిలినదానికి అప్పుడు బేరమాడుదం."

నాకు కోపం వచ్చింది. కొనకుండా పోయే గిరాకీకి తెలివి తక్కువని మా ఇంట్లో తరతరాల నమ్మకం. పోయి దుకాణంలోనే వచ్చినవాళ్లందరికీ చదివాను. తలా ఒక ముగింపు చెప్పారు. నేను అందరికీ తలూపాను. అంగడి రోజు వచ్చేసరికి నేను పూర్తి చేయని కథను ఊరు పూర్తి చేసింది. అందులో ఆమె రాయి తీసుకుని దొరను చంపేసింది.

ఒక మధ్యాహ్నం ఆ దొర గుమాస్తా వచ్చి మా గద్దె మీద కూర్చున్నాడు. "సేటూ, నీ కొడుకు కతల మా దొర సచ్చిండట గద."

బట్ట కొలుస్తున్న బాపు చెయ్యి ఆగిపోయింది. "ఉట్టి కత, అయ్యా."

"ఉట్టిదే అయితే రేపు పొద్దుగాల గడీకి పంపు. దొర ఇంటడట."

దొర ఉండే ఆ కోటలాంటి గడీకి నడిచి వెళ్లి, మోసుకొస్తే గాని ఇల్లు చేరనివాళ్లను నేను చూశాను. గుమాస్తా వీధి మలుపు తిరిగాక బాపు, "చింపెయ్యిరా," అన్నాడు.

"చింపితే గా సంపిన కతనే మిగుల్తది, బాపూ."

అక్క దగ్గరికి పరుగెత్తాను. అంతా విని, "ఇప్పుడు చెప్పు. ఏమిస్తవ్, ఏమియ్యవ్?" అంది. ఆమె మొహంలో జవాబు వెతికాను. ఏమీ దొరకలేదు. మొదటిసారి కాగితాలలో వెతికాను.

"దొరనిస్త. గుర్రాన్నిస్త. ఊరి పేరిస్త. మూట దించుడు ఇయ్య."

"మళ్ల ఎత్తుకుంటదా?"

"ఎత్తుకోదు."

"ఇగ చదువు. ఇంట."

పొద్దు వాలేదాకా విన్నది. వినేవాళ్ల కన్నీళ్ల కోసం నేను చెయ్యి చాచిన ప్రతిచోటా కొట్టేయించింది. చివరికి కథలోని ఆమె మూట దించిన వాక్యం దగ్గరే కథ ఆగింది.

మర్నాడు గడీలో దొర ముందు నిలబడి కథ చదివాను. దొర పాన్ నములుతూ, ఊళ్లో విన్న కథను పట్టుకుని బేరం మొదలుపెట్టాడు.

"దొర ఏడి?"

"తీసేసిన, దొరా."

"గుర్రం?"

"అదీ తీసేసిన."

"మరి గా మూట దించుడు గూడ తీసెయ్."

గుమాస్తా కర్ర పట్టుకుని నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. గద్దె మీద కూర్చుని ప్రతి గిరాకీకీ సరేనన్న నా నాలుక, "అది రాదు, దొరా. అది తీస్తే కతనే లేదు," అంది.

దొర నమలడం ఆపాడు. "మరి మూట ఎవరెత్తిన్రు?"

"కత ఆడికే."

గుమాస్తా ఊపిరి నా మెడకు తగులుతోంది. దొర ఉన్నట్టుండి నవ్వాడు. "సగం కత పట్టుకొచ్చిండు పిచ్చి సేటు. పో. మిగిలింది రాసినంక తీస్కరా."

గడీ నుంచి నేరుగా సాలెవాళ్ల వీధికి నడిచాను. అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. "మూట?" అని మాత్రం అడిగింది.

"నడిదారిలనే ఉన్నది."

"ఉండనియ్," అని లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చింది.

నిజాం పోయాడు, గడీ కూలింది, అక్క కూడా లేదు. ఇప్పుడు పిల్లలు సగం కథలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. కాగితం విప్పకముందే, ఇందులో ఏది ఇవ్వవని అడుగుతాను. కొందరు కోపంతో వెళ్లిపోతారు. వాళ్లు నేరుగా ఏ అంగడికి పోతారో నాకు తెలుసు. తిరిగి వచ్చినవాళ్లకు పక్కన చోటిచ్చి, పొద్దు వాలేదాకా వింటాను.

దొర అడిగిన మిగతా సగం కోసం మళ్లీ ఎవరూ రాలేదు. వచ్చినా ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఆ మూట ఇప్పటికీ నడిదారిలోనే ఉంది.