అత్త మంచు ప్యాంటు

మా అత్త ఈ జన్మలో ప్యాంటు తొడగనని సూర్యనారాయణ స్వామి మీద ఒట్టేసీసింది. అరసవల్లిలో కాపురముంటూ ఆ దేవుడి మీద ఒట్టేస్తే మా ఇంట్లో ఇంక ఎదురు మాటుండదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మంచు కొండ ఎక్కుదామన్న గోల మొదలెట్టింది ఆవిడే మరి. మాకెవరికీ ఆ ఊసే లేదు.

మా మావగారు మిలట్రీలో చేశారు. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని కాశ్మీర్‌లో వేశారట. సెలవుకొచ్చినప్పుడల్లా అక్కడి మంచు మన నౌపడ ఉప్పు కుప్పల్లా ఉంటుందని, కాళ్ళకి పొడుగాటి బద్దలు కట్టుకుని కొండ మీంచి జారుతామని, నిన్నూ ఓసారి తీసికెళ్ళి జారిస్తానని చెప్పేవారట. తరవాత రిటైరయ్యారు, పొలంలో పడ్డారు, వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే ఆరేళ్ళ కిందట పోయారు. అత్త దానికి ఏడుస్తూ కూచునే మనిషి కాదు. పోయిన దీపావళి నాడు అన్నం తింటూ ఉన్నట్టుండి అంది.

"మీ మావ నిజం సెప్పేడో కోతలు కోసేడో నాకు తేలాల. ఆ మంచు మీద నా కాలు జారితే గాని తేల్దు."

మా ఆయన గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తారు. తల్లి మాట పూర్తవకుండానే సెలవు చీటీ రాసీసినట్టు ముఖం పెట్టారు. మా గుంటకి, అంటే మా కూతురికి, పన్నెండేళ్ళు. అది కంచం దగ్గర్నించి లేచి గెంతులేసింది. సరే, ఫిబ్రవరిలో గుల్మార్గ్ అని ఖాయం చేశాం. రైలుకీ విమానానికీ పోసేసరికి చేతిలో తడి లేకుండా పోయింది. బట్టలు కొనడం మాత్రం నా నెత్తిన పడింది.

మా స్కూల్లో పనిచేసే ఒకావిడ అటు వెళ్ళొచ్చింది. ఒంటికి అతుక్కునే ఇన్నరు, దాని మీద ఉన్ని, దాని మీద నీళ్ళు దిగని కోటూ ప్యాంటూ ఉండాలని, నూలు బట్ట పనికిరాదని చెప్పింది. అక్కడ అద్దెకిస్తారని కూడా చెప్పింది. ఆ మాట ఇంట్లో అన్నానో లేదో మా అత్త లేచింది. "ఊరందరూ తొడిగి ఇడిసినవి మన గుంటకి తొడుగుతావేటి? బుద్దుందా నీకు?" అంది. నాకూ మనసొప్పలేదనుకోండి. అయినా తిట్టు నాకే పడింది.

ముందు శ్రీకాకుళం బజారుకెళ్ళాను. మంచులో తొడుక్కునే ప్యాంటు కావాలంటే కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. లోపలికెళ్ళి స్కూటరు మీద వేసుకునే రెయిన్‌కోట్లు నాలుగు పట్టుకొచ్చాడు. "మంచయినా వానయినా నీళ్ళే కదమ్మా" అన్నాడు. ఆ మాట కొట్టిపారెయ్యడానికి నాకు రెండు నిముషాలు పట్టింది. తరవాత రోడ్డు వార డేరాలేసుకుని చలికాలం స్వెట్టర్లు అమ్మేవాళ్ళ దగ్గర ఇన్నర్లు, మేజోళ్ళు, మంకీ టోపీలు బేరమాడి తెచ్చాను. మావగారి ట్రంకు పెట్టెలో ఉన్న మిలట్రీ స్వెట్టరు అత్త తనే తీసుకుంది. కలరా ఉండల వాసన వేస్తున్నా ఎండలో కూడా వెయ్యనివ్వలేదు.

అసలు సరుకు విశాఖలో దొరికింది. ఎక్కడో చలి దేశాలకి పంపడానికి కుట్టి, ఏదో చిన్న లోపముందని వెనక్కి పంపినవి కుప్ప పోసి అమ్మే కొట్టు అది. ఒకదానికి జేబు వంకర, ఒకదానికి గుండీ లేదు. పోతే పోయింది, నీళ్ళు దిగకపోతే చాలని ఆ కొట్లోనే గ్లాసుడు నీళ్ళడిగి ప్రతి కోటు మీదా పోసి చూశాను. తామరాకు మీద నీళ్ళలా జారిపోయాయి. మా ఆయన సిగ్గుతో బయటికెళ్ళి నిలబడ్డారు. మా ముగ్గురికీ నీలం రంగువి దొరికాయి. అత్త కొలతకి ఒక్కటే మిగిలింది. చిలకపచ్చ రంగు, ప్యాంటుకి భుజాల మీంచి వచ్చే పట్టీలు. తీసుకున్నాను.

ఇంటికొచ్చి విప్పితే అత్త దాన్ని చూసి రెండడుగులు వెనక్కేసింది.

"ఓలమ్మో! ఇదేటే? మొగోడి నిక్కరు నాకు తెచ్చావా? అదీ చిలకపచ్చా?"

"మరి చీర కట్టుకుని జారతావా అత్తా? తడిస్తే బిగుసుకుపోతావు."

"నిల్చుని సూసుకుంటాను. నాను తొడగనంటే తొడగను, ఆ సూర్యనారాయణ మీదొట్టు."

కాలు జారితే గాని తేలదని అన్న నోరే అది! ఇంత దూరం తీసికెళ్ళి ఈవిడ గట్టున నిలబడి చూస్తే ఆ ప్రయాణం ఎవరి కోసమని నాకు ఏడుపొచ్చినంత పనయింది. మా ఆయన్ని ఓ మాట చెప్పమన్నాను. "దేవుడి మీద ఒట్టేసింది కదే" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కొలిమి ముందు నిలబడే మగాడు, అమ్మ ముందు మాత్రం పిల్లి.

రెండ్రోజుల తరవాత స్కూలు నుంచి వచ్చేసరికి డాబా మీద మూడు నీలం కోట్లూ చేతులు బార్లా చాపి, వాటి ప్యాంట్లు కాళ్ళు చాపి నిలబడున్నాయి. కొత్త బట్ట తడపకుండా ఒంటి మీద వేసుకోవడం మా ఇంట లేదు. అత్త వాటిని సబ్బు నీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో బరబరా తోమి, చిక్కటి గంజి పెట్టి ఆరేసింది. కాలరు మీద పసుపు బొట్టు కూడా పెట్టింది. చిలకపచ్చది మాత్రం మళ్ళీ కవర్లో దూరి మూలన పడుంది.

"దానికెందుకు పెట్టలేదత్తా?"

"నాది కానిదానికి గంజెందుకు దండగ?"

నేనేమన్నా తిట్టానా? లేదు. చొక్కా కాలరు నిలబడ్డట్టు కోట్లు నిలబడితే, "ఎంత ఠీవిగా ఉన్నాయో" అని మెచ్చుకున్నాను కూడా. నా తెలివి అలా తెల్లారింది. చిలకపచ్చ కవరు మాత్రం అత్తకి తెలియకుండా నా పెట్టె అడుగున కుక్కాను. ఆశ చావదు కదా.

గుల్మార్గ్‌లో మొదటి పొద్దు మబ్బుగా ఉంది, సన్నగా మంచు రాలుతోంది. నలుగురి పేరా నేర్పించే మనిషిని ముందే మాట్లాడుకున్నాం. బస దాకా పోకుండా పెట్టెలు టీ కొట్లోనే పెట్టి, కాళ్ళకి బద్దలూ బూట్లూ అద్దెకి తీసుకున్నాం. మేం ముగ్గురం మంచు మీదికి దిగాం. అత్త చీర మీద మావగారి స్వెట్టరు, మంకీ టోపీ వేసుకుని టీ కొట్టు పొయ్యి పక్కన నిలబడింది.

జారడం దేవుడెరుగు, పడడమే పని అయింది. అరగంటకల్లా నా వీపు చల్లబడింది. మోచేతులు తడిమి చూసుకుంటే జిగట. మా ఆయన మోకాళ్ళ మీద తెల్లగా, బంకలా ఏదో కారుతోంది. విశాఖ కొట్లో తామరాకులా ఉన్న కోటు ఇప్పుడు పాత గోనెసంచిలా నీళ్ళు పీల్చుకుంటోంది. నేర్పే అతను మా గుంట చేతి మీద వేలితో రాసి, వాసన చూసి, ఇదేమిటని హిందీలో అడిగాడు. మా ఆయన ఎంతో మర్యాదగా "చావల్ కా పానీ" అని చెప్పారు. ఆ మనిషి మంచులో చతికిలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, ఈ తడితో ఇక్కడుంటే జబ్బు చేస్తుంది, పొయ్యి దగ్గరికి పొండని ముగ్గుర్నీ తరిమాడు. బాగా తోమి గంజి పెడితే నీళ్ళని ఆపే గుణం పోతుందని అప్పుడు తెలిసింది మాకు.

పొయ్యి చుట్టూ ముగ్గురం వణుకుతూ కూచున్నాం. అత్త మొహం మాడిపోయింది. "నా సేతుల్తో నానే సెడగొట్టేనా?" అంది చిన్నగా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నా కోపమంతా అక్కడే కరిగిపోయింది.

అప్పుడు మా గుంట పళ్ళు టకటకలాడిస్తూ అంది. "మామ్మా, నీదానికి గంజి పెట్టలేదు కదా?"

నేను పెట్టె తీసి, అడుగు నుంచి ఆ కవరు లాగి అత్త ఒళ్ళో పెట్టాను. ఆవిడ నన్ను చూసింది, కవరు చూసింది, ఆఖరికి తలెత్తి ఆకాశం చూసింది.

"సూర్యుడేడే?"

"మబ్బులో ఉన్నాడత్తా."

"సూడ్డు కదా?"

"ఇంత మబ్బులోంచి ఎలా చూస్తాడు?"

"ఊరెళ్ళేక నాను సెప్పుకుంటాన్లే" అని లేచింది. టీ కొట్టు వెనక గదిలో నేనే పట్టీలు బిగించి, నా బూట్లు తొడిగాను. మావగారి స్వెట్టరు మాత్రం లోపల ఉంచుకుంది. చీర నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి, "ఎవులైనా నవ్వితే పళ్ళు రాలగొడతాను" అని తల దించుకుని బయటికి నడిచింది. మేమెవరం నవ్వలేదు. మా ఆయన ఎందుకో లేచి నిలబడ్డారు.

నేర్పే అతను అత్త కాళ్ళకి నా బద్దలు కట్టి, రెండు చేతులూ పట్టుకుని తను వెనక్కి జరుగుతూ నడిపించాడు. చిన్న పల్లం దగ్గర ఒక చెయ్యి వదిలాడు, తరవాత రెండోదీ వదిలాడు. ఆ చిలకపచ్చ మనిషి పది అడుగులు, కాదు, పదిహేను అడుగులు ఉండొచ్చు, ఒంటరిగా జారింది. జారి వెల్లకిలా పడింది. మా ప్రాణాలు పైకెగిరిపోయాయి. ఆవిడ లేవలేదు. పడుకునే గుప్పెడు మంచు తీసి నోట్లో వేసుకుంది. ఆ తరవాత ఆ కొండంతా వినబడేలా కేకేసింది.

"ఇదిగో! నిజమేనయ్యా! నానూ జారీసేను!"

"మామ్మ ఎవర్ని పిలుస్తంది?" అంది మా గుంట. మా ఆయన పొయ్యి వైపు తిరిగిపోయారు. నేను చీర మడత గుండెకి హత్తుకుని నవ్వుతూనే ఏడ్చీశాను.

అత్త లేచి మంచు దులుపుకుంది. నీళ్ళ చుక్కలు ఆ ప్యాంటు మీంచి జారిపోయాయి. నా వైపు తిరిగి చెయ్యూపింది.

"అతనికి నీ హిందీలో సెప్పవే, ఇంకోపాలి ఎక్కించమని!"